హెమ్మింగ్ 30 రూపాయలు

మా వీధి చివర ఒక మామ్మ ఉంటుంది. డెబ్భై దాటాయి. నేను కుట్టిన జాకెట్లకు హుక్కులు, కాజాలు, చేతి హెమ్మింగ్ ఆవిడే చేస్తుంది. జాకెట్టుకు 30 రూపాయలు ఇస్తాను. పోయిన నవంబరులో ఒక రాత్రి లెక్కల పుస్తకం ముందేసుకుని, "మామ్మా, పోయినేడు శ్రావణంలో నీకు ఎన్ని జాకెట్లు ఇచ్చి ఉంటాను?" అని అడిగాను. సూది ఆపేసింది. నా చేతిలో పెన్ను వంక చూసి, "నా పేరు రాయకమ్మా, పింఛను తీసేస్తారు" అంది.

ఏడాది మొత్తం సగటు తీస్తే ఆవిడకు నా దగ్గర నెలకు వచ్చేది 900 రూపాయలు. పట్టణంలో కుటుంబ ఆదాయం నెలకు 12,000 దాటకూడదన్నది రూలు, నీ తొమ్మిది వందలకు ఏమీ కాదు అని చెప్పాను. నమ్మలేదు. నమ్మనందుకు ఆవిడను ఏమనగలను? రెండు నెలలుగా నేనూ అదే భయంతో నిద్రపోవడం లేదు. అసలు ఇదంతా రాయాలనిపించింది కూడా ఆ రాత్రే.

మాది తెనాలి. మా ఆయన 2021లో పోయారు. అప్పటి నుంచి వితంతు పింఛను వస్తోంది. మొదట్లో 2,250, ఇప్పుడు 4,000. బాబు ఇంటర్ మొదటి సంవత్సరం, పాప ఎనిమిది. పిల్లల చదువుకిచ్చే తల్లికి వందనం పథకం కింద 2025లో ఇద్దరికీ 13,000 చొప్పున పడ్డాయి. అంటే ప్రభుత్వం నుంచి ఏడాదికి 74,000. మిగతాదంతా ముందు గదిలో ఉన్న కుట్టు మిషనే.

పింఛను అంటే ఏంటో నాకు బాగా అర్థమైంది 2024 వేసవిలో. ఏప్రిల్ చివర్లో మూఢం మొదలైంది, అది పోయిందనుకునేలోపు ఆషాఢం. పెళ్లిళ్లు లేవు. జూన్ నెల మొత్తానికి మిషన్ మీద వచ్చింది 4,300. జూలై 1న పెరిగిన పింఛను 4,000, పాత మూడు నెలల తేడా 3,000 కలిపి 7,000 చేతిలో పెట్టారు. పిల్లల పుస్తకాలు, గ్యాస్ బండ ఆ డబ్బుతోనే. మళ్లీ ఆగస్టులో వరలక్ష్మీ వ్రతం ముందు రోజు తెల్లవారుజామున మూడు దాకా కుట్టాను. ఆ నెల వచ్చింది 21,500, ఖర్చులు పోను పదిహేను వేలు మిగిలాయి. అదీ మా పని. ఒక నెల నాలుగు వేలు, ఒక నెల ఇరవై వేలు. ఏ నెల చూసి మమ్మల్ని ఎలాంటి వాళ్లమని చెప్పగలరు?

ఒక సంగతి ఒప్పుకోవాలి. అంతకుముందు ఇంటికి ఎవరైనా సర్వేకి వస్తే మిషన్ మీద దుప్పటి కప్పేదాన్ని. మీటరు చూసేవాళ్లొచ్చినా గుండె దడదడలాడేది. మా కరెంటు నెలకు నూట పది యూనిట్లు దాటదు, పింఛనుకు రూలు 300 యూనిట్ల లోపు. అయినా భయమే. ఇదే ఊళ్లో షాపులున్న టైలర్లు చేదోడు పథకంలో ఏడాదికి 10,000 ఇచ్చినప్పుడు, మిషన్ ముందు కూర్చుని ఫోటోలు దిగి మరీ పని చేస్తున్నామని చూపించుకున్నారు. ఒక పథకానికి చూపించాల్సిన మిషన్‌ని ఇంకో పథకానికి దాచాలని మాకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. పక్కింటివాళ్ల మాటలు వినీ వినీ మాకు మేమే అనుకున్నాం.

నా తప్పు మాత్రం దుప్పటితో ఆగలేదు. 2025లో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ కొనాలనిపించింది. ఇప్పుడు పెళ్లి జాకెట్టు అంటే వర్క్ లేకుండా ఎవరూ అడగడం లేదు. మగ్గం వర్క్ బయట చేయిస్తే లాభమంతా వాళ్లకే పోతోంది. మిషన్ ధర 3,60,000 చెప్పారు. ముద్రా లోన్‌కి కాగితాలు చేసిపెట్టే ఏజెంట్ ఒకాయన, "ఐటీ రిటర్న్ ఉంటే పని తొందరగా అవుతుందమ్మా. ఆదాయం నాలుగు లక్షల ఇరవై వేలు చూపిద్దాం. ఏడు లక్షల దాకా రూపాయి కట్టక్కర్లేదు" అన్నాడు. పన్ను విషయంలో ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఆ సంవత్సరానికి కొత్త పద్ధతిలో ఏడు లక్షల వరకు రిబేటు ఉంది. నేను ఆగస్టులో ఓటీపీ చెప్పేశాను. అంతే, నా పేరు మీద రిటర్న్ పడిపోయింది.

నాలుగు లక్షల ఇరవై వేలంటే నెలకు 35,000. పన్నెండు వేల లోపు ఆదాయం అని పింఛను తీసుకుంటున్న దాన్ని, ముప్పై ఐదు వేలు సంపాదిస్తున్నానని నా పాన్ మీద నేనే రాయించాను. ఆ రోజు ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు.

సెప్టెంబరులో ఎదురింటి అమ్మాయి ఫాల్స్ వేయించుకోవడానికి వచ్చి, తన గోడు చెప్పుకుంది. వాళ్లాయన బైక్ లోన్ కోసం రిటర్న్ వేశాడట. పన్ను సున్నా. అయినా తల్లికి వందనం లిస్టులో ఆవిడ పేరు పక్కన అనర్హత, కారణం ఆదాయపు పన్ను అని వచ్చిందట. ఆ మాట వింటుంటే నా కాలు పెడల్ మీద నుంచి జారిపోయింది. చీర అంచు మీద కుట్టు వంకరపోయి, ఆ ఫాల్ మొత్తం ఊడదీసి మళ్లీ వేశాను.

ఏజెంట్‌కి ఫోన్ చేస్తే, "ఏం కాదులే అమ్మా, ఎవరూ చూడరు" అన్నాడు. ఎవరూ చూడరన్న మాట వింటే నాకు ధైర్యం రాలేదు, ఇంకా టెన్షన్ వచ్చింది. చూస్తే ఏం చెప్పాలి? పింఛను కోసం అబద్ధం చెప్పానని చెప్పాలా, లోన్ కోసం అబద్ధం చెప్పానని చెప్పాలా?

చివరికి మా బాబు స్నేహితుడి వాళ్ల నాన్న దగ్గరికి వెళ్లాను. ఆయన చాలా ఏళ్లు ఒక ఆడిటర్ దగ్గర పనిచేశారు. అంతా విని ఆయన ఒకటే అడిగారు: "నీకు నిజంగా ఎంత వస్తుందమ్మా?" నాకు తెలియదు. ఇన్నేళ్లుగా కుడుతున్నాను, ఎంత వస్తుందో తెలియదు. ఆయనే చెప్పారు, వేసిన రిటర్న్‌ని చెరిపేయలేం, డిసెంబరు 31 లోపు సవరించుకోవచ్చు, ముందు అసలు లెక్క తేలాలి అని.

ఆ లెక్క తేల్చడానికి మూడు రాత్రులు పట్టింది. నా ఆర్డర్ల పుస్తకంలో తేదీ, పేరు, ఆది జాకెట్టు ఇచ్చారా లేదా, రేటు ఉంటాయి. ఫోన్‌పే స్టేట్‌మెంట్ బాబు తీసి ఇచ్చాడు. విజయవాడ వస్త్రలతలో లైనింగ్ తాన్లు కొన్న చీటీలు కొన్ని డబ్బాలో దొరికాయి. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు వచ్చింది 1,38,400. ఖర్చులు చూస్తే, లైనింగ్ 17,500, మామ్మ హెమ్మింగ్ 10,800, ఫాల్స్ బట్ట 6,200, దారాలు, హుక్కులు, సూదులు, క్యాన్వాస్ 4,900, మిషన్ రిపేరు, ఆయిల్ 2,400. మొత్తం 41,800. మిగిలింది 96,600. నెలకు 8,050.

ఆ అంకె చూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. పన్నెండు వేలకు ఇంకా నాలుగు వేలు తక్కువ. ఇన్నాళ్లూ దుప్పటి కప్పి దాచిన ఆదాయం ఇదా? దాచాల్సిన అవసరమే లేదు. శ్రావణంలో పదిహేను వేలు మిగిలిందని గాభరా పడ్డాను కానీ, తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువీకరణ పత్రం మీద ఉండేది ఏడాది ఆదాయం. ఆ లెక్కన 1,44,000 వరకు నేను లోపలే ఉన్నాను.

రిటర్న్ సవరించారు. 800 తీసుకున్నారు. ఆ కాగితం, నోటు పుస్తకం పట్టుకుని మా వార్డు సచివాలయానికి వెళ్లాను. వెల్ఫేర్ సెక్రటరీ నాకంటే చాలా చిన్న అమ్మాయి. "మేడమ్, నేను కుట్టుపని చేస్తాను, ఏడాదికి ఇంత వస్తుంది, ఆగస్టులో తప్పుగా వేసిన రిటర్న్ ఇది, సరిచేసింది ఇది" అని గబగబా చెప్పేశాను. గొంతు ఎండిపోయింది. ఆ అమ్మాయి పుస్తకం తిరగేసి, "ఇంత వివరంగా ఎవరూ తేలేదక్కా. కానీ దీన్ని ఎంటర్ చేయడానికి నా దగ్గర కాలమ్ లేదు" అంది. భూమి ఎంతుందో, కారు ఉందో లేదో, కరెంటు యూనిట్లు, ఇంటి చదరపు అడుగులు, ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగం, ఆదాయపు పన్ను, ఇవన్నీ ఆ కంప్యూటర్‌కి తెలుస్తాయి. జాకెట్టుకు మూడు వందల చొప్పున వచ్చే డబ్బు గురించి మాత్రం నిజం చెప్పుకోవడానికి చోటు లేదు. చెప్పుకోవడానికి చోటు లేనప్పుడు జనం దాచుకోక ఏం చేస్తారు? ఆ అమ్మాయి మంచిదే. పేజీలను ఫోన్‌లో ఫోటో తీసుకుంది. లిస్టులో పేరు తప్పితే ఈ కాగితాలతోనే గ్రీవెన్స్ పెడదాం, జాగ్రత్తగా దాచుకో అంది.

లోన్ సంగతి వదిలేశాను. సవరించిన రిటర్న్ చూపిస్తే మూడు లక్షలు రావు. సెకండ్ హ్యాండ్‌లో సర్వో మోటారున్న పవర్ మిషన్ 22,000కి తీసుకున్నాను, డ్వాక్రా అప్పుతో. చప్పుడు తక్కువ, కరెంటు తక్కువ. ముందు గదిలో కిటికీ పక్కనే పెట్టాను. దుప్పటి ఇప్పుడు మంచం మీదే ఉంటోంది.

మామ్మకు చిన్న నోటు పుస్తకం ఒకటి కొనిచ్చాను. చదువు రాదు కాబట్టి జాకెట్టుకు ఒక గీత పెట్టమన్నాను. మొదట ఒప్పుకోలేదు. సంక్రాంతి ముందు రద్దీలో ఒకరోజు తనే తీసుకొచ్చి చూపించింది. వరసగా పెన్సిల్ గీతలు, ఐదింటికొకటి అడ్డంగా. లెక్కపెడితే నలభై రెండు. 1,260 ఇచ్చాను. డబ్బు కొంగున ముడేసుకుని, "పైన పేరు మాత్రం రాయకు" అంది. రాయలేదు. నా పుస్తకంలో మామూలుగానే "హెమ్మింగ్ 1,260" అని వేసుకున్నాను. తల్లికి వందనం లిస్టు జూన్‌లో వస్తుంది.