‘కమల’ పాసైంది, ‘రవి’ ఫెయిలయ్యాడు: పేరు ఫీల్డుకి రెజెక్స్ రాసిన నా అనుభవం

నిన్న రాత్రి నా మార్పులన్నీ మెర్జ్ అయ్యాయి, అంటే అసలు కోడ్‌లో కలిశాయి. వారం రోజులు నన్ను నిద్రపోనివ్వని పని ఇది, కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

పని చూడ్డానికి చిన్నదే. ఒక రిజిస్ట్రేషన్ ఫారం, అందులో సభ్యత్వ కోడ్, పుట్టిన తేదీ, ఈమెయిల్, ఫోన్, పేరు. టైప్ చేసింది సరైన ఫార్మాట్‌లో ఉందో లేదో బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్ చూడాలి, సర్వర్‌లో పైథాన్ మళ్లీ చూడాలి. అలా చూడ్డానికి రాసే అక్షరాల నమూనానే (ప్యాటర్న్) రెజెక్స్ అంటారు.

కోడ్ అంటే మూడు పెద్ద ఇంగ్లిష్ అక్షరాలు, నాలుగు అంకెలు. పది నిమిషాల్లో అయిపోయింది. ఒక్క జాగ్రత్త చెప్తాను: పైథాన్‌లో మ్యాచ్ ఫంక్షన్ మొదటి నుంచి చూస్తుంది గానీ చివరిదాకా సరిపోవాలని పట్టుబట్టదు. ‘ఇక్కడితో ముగియాలి’ అని చెప్పే డాలర్ గుర్తు చివర పెట్టినా, ఆఖర్న ఒక న్యూలైన్ (కొత్త లైన్ గుర్తు) ఉంటే పట్టించుకోకుండా పాస్ చేసేస్తుంది. 3.4 వెర్షన్ నుంచి ఫుల్‌మ్యాచ్ ఉంది, అది వాడండి. తేదీకి రెజెక్స్‌తో ఆకారం వరకే చూశాను, ఫిబ్రవరి 31 ఉండదని దానికి తెలియదు కాబట్టి మిగతాది తేదీల లెక్క చూసే డేట్‌టైమ్ మాడ్యూల్‌కి వదిలేశాను. ఈమెయిల్‌కి మధ్యలో ఎట్ గుర్తు, దానికి అటూ ఇటూ ఏదో ఒకటి ఉంటే చాలు, తర్వాత కన్ఫర్మేషన్ మెయిల్ పంపితే అసలు సంగతి అదే తేలుతుంది. పేజీ పొడవున్న ఈమెయిల్ ప్యాటర్న్ ఎక్కడి నుంచో తెచ్చి అతికించేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. రేపు అందులో తప్పొస్తే దిద్దేది ఎవరు?

ఇక పేరు.

పాత కోడ్‌లో పేరుకి ఇంగ్లిష్ ఏ నుంచి జెడ్ దాకా మాత్రమే ఒప్పుకునే ప్యాటర్న్ ఉండేది. ఫారం తెలుగులో ఉంది, సూచనలు తెలుగులో ఉన్నాయి, పేరు మాత్రం తెలుగులో రాస్తే ‘సరైన పేరు రాయండి’ అని ఎర్ర అక్షరాల్లో వచ్చేది. దాన్ని మార్చడమే నా పని. పైథాన్ 3లో బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ (\w) అనే గుర్తు యూనికోడ్ (అన్ని లిపులకీ కలిపి ఉన్న ప్రమాణం) అక్షరాలన్నిటినీ గుర్తిస్తుందని చదివాను, అదే పెట్టాను. ‘కమల’ అని కొట్టాను, పాసైంది. ‘రమ’ పాసైంది. ‘వనజ’ పాసైంది. అయిపోయిందని మెసేజ్ పెట్టేశాను.

మర్నాడు అందరి ముందూ డెమో. స్క్రీన్ షేర్ చేసి, ఎవరైనా ఒక పేరు చెప్పండి అన్నాను. ‘రవి’ అన్నారు. కొట్టాను. ‘సరైన పేరు రాయండి.’ చెయ్యి జారిందేమో అనుకుని మళ్లీ కొట్టాను. మళ్లీ అదే. ‘శరత్’ ఫెయిల్. ‘రమ్య’ ఫెయిల్. ‘కమల’ మాత్రం పాస్. ఇరవై మంది చూస్తుండగా ఒక పేరుని ఒప్పుకుని ఇంకో పేరుని ఎందుకు కాదంటోందో నేను చెప్పలేకపోయాను. అప్పుడు మా సీనియర్ ఒకాయన, ‘తెలుగులో పేరెవరు టైప్ చేస్తారయ్యా, ఇంగ్లిష్‌లోనే రాయమని ఒక లైన్ పెట్టేసి పని ముగించు’ అన్నారు. ఇద్దరు నవ్వారు. కోడ్ తప్పిందంటే పడతాను, అది నా తప్పే. కానీ మనిషి తన పేరు తన లిపిలో రాసుకోవడం అవసరం లేని పనిలా మాట్లాడితే మాత్రం ఊరుకోలేను. ఆ మాటకి జవాబు కోడ్‌లోనే చెప్పాలని ఆ క్షణమే అనుకున్నాను.

ఆ రాత్రి ఒక్కో పేరునీ విడదీసి, ప్రతి కోడ్ పాయింట్ (యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకున్న సంఖ్య) పేరూ దాని యూనికోడ్ వర్గమూ ప్రింట్ చేశాను. ‘కమల’లో మూడు, మూడూ అక్షరాల వర్గం. ‘రవి’లోనూ మూడే: ర, వ, ఆ పైన గుడి. గుడి మాత్రం అక్షరం కాదు, ‘మార్క్’ అనే వేరే వర్గం. పైథాన్‌తో వచ్చే రెజెక్స్ మాడ్యూల్ బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ కింద అక్షరాలనీ అంకెలనీ అండర్‌స్కోర్‌నీ తీసుకుంటుంది గానీ మార్కులని తీసుకోదు. గుడి, కొమ్ము, ఏత్వం, పొల్లు, సున్న అన్నీ మార్కులే. అంటే తలకట్టుతో సరిపెట్టుకునే పేర్లన్నీ పాస్, గుణింతం ఉన్న పేర్లన్నీ ఫెయిల్! నా మూడు టెస్టులూ తలకట్టు పేర్లే కావడం వల్లే బోల్తా పడ్డాను. ‘తెలుగు’ అన్న మాటనే దానికిస్తే త, ల, గ అని మూడు ముక్కలు చేతిలో పెడుతుంది. అది చూసినప్పుడు నిజంగా బాధేసింది.

ఇంకో వింత చూడండి. ఫోన్ ఫీల్డులో నేను వాడిన బ్యాక్‌స్లాష్ డి పైథాన్‌లో తెలుగు అంకెలు ౧, ౨, ౩ని కూడా హాయిగా ఒప్పుకుంటోంది. జావాస్క్రిప్ట్‌లో అదే గుర్తు 0 నుంచి 9 వరకే. గుర్తు ఒకటే, అర్థం రెండు చోట్లా వేరు. ఫోన్‌కి నేరుగా 0 నుంచి 9 అని రాసేశాను.

పేరుకి అక్షరాల వర్గమూ మార్కుల వర్గమూ కలిపి అడగాలి. జావాస్క్రిప్ట్‌లో ఆ సదుపాయం ఆ భాష 2018 ప్రమాణం నుంచి ఉంది, రెజెక్స్ చివర యు ఫ్లాగ్ (u అనే అక్షరం) పెట్టాలి. పైథాన్ సొంత మాడ్యూల్‌లో లేదు, ‘రెజెక్స్’ అనే పేరుతోనే విడిగా దొరికే మాడ్యూల్ ఇన్‌స్టాల్ చేసుకోవాలి. చేశాను. రవి, శరత్, రమ్య ముగ్గురూ పాసయ్యారు. అంతలో ‘రాజ్‌కుమార్’ ఫెయిల్. తల పట్టుకున్నాను. విడదీస్తే ఉండాల్సిన పది కోడ్ పాయింట్ల బదులు పదకొండు ఉన్నాయి. పొల్లుకీ ‘కు’కీ మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంది, అంటే పక్కపక్క అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనబడని గుర్తు. అది లేకపోతే ‘క’ వెళ్లి ‘జ’ కింద ఒత్తుగా కూర్చుంటుంది. కాబట్టి అది చెత్త కాదు, ఆ పేరు రాతలో భాగం. దాన్ని తీసేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, వినకండి. పొల్లు తర్వాత మాత్రమే ఒప్పుకునేలా రాశాను.

ఈ హడావుడిలో ఇంకో తప్పు కూడా చేయబోయాను. పేరులో చాలా మాటలు ఉండొచ్చని ‘కొన్ని అక్షరాలు, తర్వాత ఉంటే ఒక స్పేస్’ అన్న గుంపు రాసి, ఆ గుంపుకి మళ్లీ బయట ప్లస్ (ఒకటి లేదా ఎక్కువసార్లు అని అర్థం) పెట్టాను. రివ్యూ చేసిన అమ్మాయి వెంటనే పట్టేసింది. 25 అక్షరాలు వరసగా రాసి చివర ఒక ఆశ్చర్యార్థకం పెడితే, ఆ 25ని గుంపులుగా విడగొట్టే దారులు కోటీ అరవై ఏడు లక్షలకు పైనే. కాదు అని చెప్పే ముందు రెజెక్స్‌ని నడిపే ఇంజిన్ అవన్నీ ప్రయత్నిస్తూ కూర్చోవచ్చు. 2019 జులై 2న క్లౌడ్‌ఫ్లేర్ అనే ఇంటర్నెట్ సేవల కంపెనీ 27 నిమిషాలు పడిపోయింది ఇలా వెనక్కి వెళ్లి మళ్లీ మళ్లీ ప్రయత్నించే ఒక రెజెక్స్ వల్లే. స్పేస్‌ని తప్పనిసరి చేసి, మొదటి మాట విడిగా, మిగతావి ‘స్పేస్ ఆపై మాట’ అన్న గుంపుగా తిరగరాశాను.

పొడవు సంగతి కూడా చూసుకోండి. ‘శ్రీ’ మన కంటికి ఒక్క అక్షరం, లెక్కలో నాలుగు కోడ్ పాయింట్లు. పాత 30 పరిమితి తీసి 100 చేశాను. ఐత్వాన్ని రెండు ముక్కలుగా కూడా దాచొచ్చు కాబట్టి, చెక్ చేసే ముందు ఎన్‌ఎఫ్‌సీ నార్మలైజేషన్ (అలాంటి ముక్కల్ని ఒకే రూపంలోకి కలిపే పద్ధతి) పెట్టాను.

ఇప్పుడు నా టెస్ట్ ఫైల్‌లో 64 పేర్లున్నాయి, ప్రతి గుణింతానికీ ప్రతి ఒత్తుకీ కనీసం ఒకటి చొప్పున. మా టీమ్‌లో ఇంత గట్టి టెస్ట్ ఇంకెవరూ రాయలేదని ధైర్యంగా చెప్తాను. ‘సరైన పేరు రాయండి’ అన్న మెసేజ్ తీసేసి, ఏ గుర్తు దగ్గర ఆగిందో చూపించేలా మార్చాను. నిన్న మెర్జ్ అయ్యాక అదే సీనియర్ తన పేరు తెలుగులో కొట్టి చూసుకున్నారు. అందులో రెండు ఒత్తులు, ఒక పొల్లు. పాసైంది.