ముందు కాటా, తర్వాతే మాటలు

జాతరలో ముందు ఎవరు నడవాలన్న దగ్గరో, గట్టు దగ్గరో పుట్టిన తగువు చిత్తూరు పల్లెల్లో ఏళ్లపాటు నలుగుతుంది. ఒకరి కళ్లంలో ఇంకొకరు అడుగుపెట్టరు. అలాంటి ఊళ్లో చెనక్కాయ గానుగ పెట్టి రెండు వర్గాలనూ కలుపుదామని వచ్చేవాళ్లు మొదటి నెలంతా పంచాయితీలకే ఖర్చుపెడతారు. ఆ డబ్బుతో మంచి కాటా కొనడం మేలు.

ఆఫ్రికాలోని రువాండాలో ఒక తెగవాళ్లు ఇంకో తెగను ఊచకోత కోసిన 1994 మారణకాండ తర్వాత, 1999లో మరాబా అనే చోట కాఫీ రైతులు సంఘం కట్టుకున్నారు. కాఫీ పండు కోసిన రోజే తొక్క తీయాలి, ఆలస్యమైతే పులిసిపోతుంది. ఇష్టమున్నా లేకున్నా సాయంత్రానికి అందరూ ఒకే చోటికి రావాల్సిందే. చెనక్కాయకు ఆ తొందర లేదు. మిద్దెమీద పోసుకుని ఎవరికి వాళ్లు దళారికి అమ్ముకోవచ్చు. మరి ఇక్కడ జనాన్ని గానుగ దాకా రప్పించేది నూనెలో మిగిలే నాలుగు రూపాయలే.

100 కిలోల కాయలు ఒలిస్తే సుమారు 70 కిలోల పప్పు. గానుగాడిస్తే 27, 28 కిలోల నూనె, అంటే 30 లీటర్లు. మిగతాది చెక్క, అంటే పశువులకు పెట్టే పిప్పి. లెక్కలో నూనె రాసి చెక్క మరిచారో, అది ఎవరింటి ఆవులకు పోయిందన్న అనుమానం వారం తిరక్కుండానే లేస్తుంది.

అసలు గొడవ మాత్రం తేమ దగ్గర. ఒకడు 8 శాతం తేమకు ఎండబెట్టి 100 కిలోలు తెస్తే, అదే సరుకు 12 శాతం తేమతో తెచ్చినవాడికి 104 కిలోల పైనే తూగుతుంది. ఒళ్లొంచి ఎండబెట్టినవాడికే నష్టం! వాడు అవతలి వర్గమైతే ఇక చెప్పేదేముంది. కార్తీకం వానల్లో కాయలు సరిగా ఆరవు కాబట్టి ఇది ఏటా వచ్చేదే. బూజు పడితే చేరే అఫ్లటాక్సిన్ అనే విషం కూడా, గానుగ నూనెను శుద్ధి చేయం గనుక, కొంత అందులోనే ఉండిపోతుంది.

అందుకే మూట మధ్యలోంచి పిడికెడు కాయలు తీసి చెవి దగ్గర ఆడించాలి, గలగలమనాలి. పప్పు కొరికితే టక్కున విరగాలి, వేళ్లతో నలిపితే పొట్టు రాలాలి. మెత్తగా ఉంటే మూట మళ్లీ ఎండకే. తర్వాత 200 గ్రాముల కాయలు అందరి ముందూ ఒలిచి, ముడతలవీ బూజువీ ఏరేసి, మంచి పప్పు తూచాలి. 140 గ్రాముల దాకా రావాలి. ధర కట్టేది ఆ పప్పుకే, మూట బరువుకు కాదు.

తూచేవాడు ఒక వర్గం, రాసేవాడు ఇంకో వర్గం, వారానికోసారి తారుమారు. మొదట్లో మొహాలు చూసుకోరు. ఒకడు గాల్లోకి అంకె అరుస్తాడు, ఇంకొకడు తలెత్తకుండా రాసుకుంటాడు. అలాగే సాగనివ్వండి. ఏదో ఒక రోజు గానుగ మోతలో అంకె వినపడక, "నలభై ఒకటా, రెండా మామా?" అని అడగక తప్పదు.

ఇంకొకటి, కాటా దగ్గరే సగం పైకమైనా చేతిలో పెట్టాలి. విత్తనాలకు దళారి దగ్గర అప్పు చేసినవాడు నూనె అమ్ముడయ్యేదాకా ఆగలేడు. వాడి మూటలు రాత్రికి రాత్రే దళారి బండెక్కుతాయి.