మా డెక్ మీద జులై ఎండ

డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కోలో ఉన్న మా ఇంటి వెనుక పాత పైన్ చెక్క డెక్ (ఆరుబయట కూర్చోవడానికి ఇంటికి ఆనించి వేసే బోర్డుల అరుగు) కుళ్ళిపోవడంతో, రెండేళ్ళ క్రితం దానిని తీయించి ముదురు గోధుమ రంగు కాంపోజిట్ బోర్డులు వేయించాము. రంపపు పొట్టును, పాలిథిలిన్ ప్లాస్టిక్‌ను కలిపి కరిగించి, అచ్చు గుండా నెట్టి తీసే బోర్డులివి. చెదలు పట్టవు, ఏడాదికో రెండేళ్ళకో రంగు వేయనక్కర లేదు, పేళ్ళు లేచి కాళ్ళలో గుచ్చుకోవు. ఈ సుగుణాలన్నిటినీ కాంట్రాక్టర్ ఓపికగా వివరించాడు. ఎండలో ఎంత కాలుతుందో ఆయన చెప్పలేదు, అడగాలని నాకూ తోచలేదు. ఏసీ చల్లదనంలో అరచేతి వెడల్పు నమూనా ముక్కను నిమిరి రంగు ఎంచుకున్నది నేనే కనుక, తప్పంతా ఆయన మీదికి నెట్టలేను.

ఈ సంగతి మాకు తెలిసింది అమ్మ వల్ల. గత జులైలో భీమవరం నుంచి వచ్చిన అమ్మ, ఒక రోజు మధ్యాహ్నం రెండు దాటాక, డెక్ మీద ఆరబెట్టిన మినప వడియాలను చూసి వద్దామని వట్టి కాళ్ళతో బయటికి వెళ్ళి, మూడో అడుగుకే వెనక్కి వచ్చేసింది. "ఇదేం చెక్కరా, పెనంలా కాలుతోంది!" అంది. చెప్పులు గుమ్మం బయటే విడిచే ఇళ్ళలో, డెక్ అంటే ఇంట్లోని మరో గదిలాగే అనిపిస్తుంది. వెనుక తలుపు తీసి అటు అడుగు వేసేటప్పుడు చెప్పుల ధ్యాసే రాదు. వడియాలు మాత్రం రెండు రోజులకే గలగలలాడాయని అమ్మ ఒప్పుకుంది.

మరునాడు, పిజ్జా రాయి వేడి చూసుకోవడానికి కొన్న, తాకకుండానే వస్తువు వెలువరించే పరారుణ కిరణాలను బట్టి వేడి చెప్పే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరును పట్టుకుని బయటికి వెళ్ళాను. గాలి 100 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 38 సెల్సియస్. మా బోర్డు 152 చూపింది, అంటే 67 సెల్సియస్. షెడ్డులో మిగిలి ఉన్న పాత పైన్ పలకను గంటన్నర ఎండలో ఉంచితే 131కి చేరింది. దుకాణం నుంచి అడిగి తెచ్చుకున్న లేత బూడిద రంగు కాంపోజిట్ ముక్క 134 దగ్గర ఆగింది. మా డెక్కే, ఇంటి నీడ పడిన మూలలో 103 దాటలేదు. ప్లాస్టిక్ మీదా, చెక్క మీదా ఈ థర్మామీటరు చెప్పేదాన్ని దాదాపు నమ్మవచ్చు కానీ, మెరిసే అల్యూమినియం మీద నమ్మకూడదు. అటువంటి లోహం తన వేడిని అతి తక్కువగా వెలువరించి, చుట్టుపక్కల వాటి వేడినే అద్దంలా తిప్పి చూపుతుంది. ఒక మాట: ఇక్కడ వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు కాబట్టి, సూర్యుడు నడినెత్తికి వచ్చేది పన్నెండింటికి కాదు, ఒంటిగంట దాటాక. బోర్డు వేడి పరాకాష్ఠకు చేరేది ఆ తరువాతే.

ఈ అంకెలలో నాకు కళ్ళు తెరిపించినది బూడిద రంగు ముక్క. ఒకే సరుకు, ఒకే ఎండ. రంగు మారితే పద్దెనిమిది డిగ్రీల తేడా. నిర్మలమైన మధ్యాహ్నపు ఎండ చదరపు మీటరుకు ఇంచుమించు 1000 వాట్ల శక్తిని కుమ్మరిస్తుంది. ముదురు రంగు అందులో అధిక భాగాన్ని మింగేస్తుంది, లేత రంగు కొంత తిప్పికొడుతుంది. మింగిన వేడిని గాలికీ ఆకాశానికీ వదలగలిగే వేగం, మింగే వేగంతో సమానమయ్యే దాకా బోర్డు వేడెక్కుతూనే ఉంటుంది. అందుకే గాలి ఆడని రోజున అంకె ఇంకా పైకి పోతుంది. తిరుమలలో వేసవి వస్తే మాడవీధులలో తెల్లటి చలువ పెయింటు వేసి, భక్తుల కాళ్ళు కాలకుండా చూస్తారు. అక్కడ నేలను మార్చడం లేదు, రంగునే మారుస్తున్నారు. అయితే ఎండలోని శక్తిలో దాదాపు సగం కంటికి కనిపించని పరారుణ కిరణాలదే కనుక, ఆ భాగాన్ని తిప్పికొట్టే వర్ణకాలు కలిపితే, చూడడానికి ముదురుగా ఉన్న బోర్డు కూడా కొంత చల్లగా ఉండగలదు. ఇప్పుడు అటువంటి రకాలూ అమ్ముతున్నారు.

రంగు ఒక్కటే కథ మొత్తం కాదు. పైన్ పలకకూ, బూడిద రంగు ముక్కకూ తేడా మూడు డిగ్రీలే అయినా, పైన్ మీద నేను నిలబడగలిగాను, రెండోదాని మీద నిలబడలేకపోయాను. పైన్ తేలిక, లోపల గాలి నిండిన సన్నని గొట్టాలుంటాయి. పాదం తగలగానే పైపొరలోని వేడి పాదానికి చేరుతుంది కానీ, అడుగున ఉన్న వేడి అంత త్వరగా పైకి రాదు. కాంపోజిట్ దట్టమైనది. పైపొర ఇచ్చేసిన వేడిని అడుగు పొర వెంటనే పూరిస్తుంది. 60 సెల్సియస్ వేడి ఉన్న నీళ్ళు ఐదారు సెకన్లలోనే పెద్దవాళ్ళ చర్మాన్ని తీవ్రంగా కాల్చగలవు. అదే వేడిలో ఉన్న బోర్డు అంత త్వరగా కాల్చదు, పైన్ ఇంకా నెమ్మది. పసిపిల్లల చర్మం పలుచన కనుక, పాకే బిడ్డ విషయంలో ఈ లెక్కలతో ధైర్యం తెచ్చుకోకూడదు.

నీళ్ళు చల్లి చూశాము. పాత చెక్క నీటిని పీల్చుకుని కాసేపు చల్లగా ఉండేది. దీని పైన ప్లాస్టిక్ తొడుగు ఉండడం వల్ల నీరు సందుల్లోంచి జారిపోయి, పది నిమిషాలకే యథాస్థితి.

తలుపు పక్కన జానెడు మేర మాత్రం మిగతా డెక్ కంటే ఎప్పుడూ ఎక్కువ వేడిగా ఉండడం చాలా రోజులు అర్థం కాలేదు. కారణం కిటికీ. వేడిని లోపలికి రానీయకుండా పలుచని లోహపు పూత పూసిన రెండు పొరల అద్దం కొద్దిగా లోపలికి వంగితే, పుటాకార దర్పణంలా ఎండను ఒకచోట కుప్ప పోస్తుంది. ఇటువంటి ప్రతిబింబానికి పక్కింటి గోడల ప్లాస్టిక్ రేకులు కరిగి వంకర పోవడం అమెరికాలో తెలిసిన సమస్యే. కిటికీకి బయటి వైపు జాలీ తెర బిగించాక ఆ మచ్చ పోయింది.

డెక్ మొత్తాన్ని మార్చే స్తోమత లేదు. తలుపు నుంచి భోజనాల బల్ల దాకా చలువ పందిరి వేయించాము. దాని కింద మధ్యాహ్నం మూడింటికి 105. పందిరి అంచు దాటితే మళ్ళీ 150, అందుకని రెండు జతల చెప్పులు తలుపు బయటే ఉంటాయి.

గోధుమ, బూడిద ముక్కలు రెండూ ఇంకా మా పచ్చిక మీదే పడి ఉన్నాయి. వెనుక వీధి తెలుగువారు డెక్ వేయించుకుంటూ పోయిన వారం రంగు గురించి సలహా అడిగారు. శనివారం రెండింటికి, చెప్పులు విప్పి చూసుకోవడానికి రమ్మన్నాను.