బతుకమ్మను హాల్లోంచి పార్కులోకి తీసుకొచ్చాం

అమెరికాలో మన తెలుగువాళ్ల పండుగలు దాదాపుగా అన్నీ నాలుగు గోడల మధ్యే జరుగుతాయి. ఉగాదికి ఏదో ఒక బడి ఆడిటోరియం, దసరాకు విందు హాలు, సంక్రాంతికి గుడి కింది అంతస్తు. వాటి వెనక ఎంత శ్రమ ఉంటుందో నాకు తెలుసు. ఏళ్ల తరబడి నేనూ కుర్చీలు సర్దాను, గిన్నెలకొద్దీ పులిహోర కలిపాను. అయినా రానురాను నాకు గట్టిగా అనిపిస్తున్నది ఒక్కటే. తలుపులు మూసుకుని చేసుకునే పండుగను పిల్లలు ఆ తలుపుల వెనకే వదిలేసి వస్తారు. పట్టులంగా మీద పొడుగు కోటు తొడుక్కుని వెళ్లడం, లోపల కోటు విప్పి నాలుగు పాటలు పాడటం, మళ్లీ కోటు తొడుక్కుని ఇంటికి రావడం. తెలుగంటే శనివారం సాయంత్రం మూడు గంటల వ్యవహారమని పిల్లలు అనుకుంటే తప్పు వాళ్లది కాదు.

మేం ఉండేది న్యూయార్క్ నగరంలో, క్వీన్స్‌లో. 2020 లెక్కల ప్రకారం క్వీన్స్ జనాభా 24 లక్షలు, అందులో దాదాపు సగం మంది వేరే దేశాల్లో పుట్టినవాళ్లే. ఏడో నంబరు రైలు దిగి కాస్త నడిస్తే ఫ్లషింగ్ మెడోస్ కొరోనా పార్కు వస్తుంది. దాదాపు 900 ఎకరాలు. టికెట్టు లేదు, ఆహ్వాన పత్రిక అక్కర్లేదు. వేసవిలో ఆదివారం మధ్యాహ్నం అక్కడికి వెళ్తే ఒక పక్క ఈక్వడార్ వాళ్లు తమ వాలీబాల్ ఆడుతుంటారు. జట్టుకు ముగ్గురే. వల మామూలు వాలీబాల్ కన్నా బాగా ఎత్తు, బంతి మాత్రం ఫుట్‌బాల్. చుట్టూ చేరినవాళ్లు ఆటగాళ్లకన్నా గట్టిగా అరుస్తారు. ఇంకో పక్క బొగ్గుల మీద మాంసం కాలుతుంటుంది, పసిపిల్లలు దుప్పట్ల మీద నిద్రపోతుంటారు. ఆగస్టులో మెడో లేక్ నీళ్ల మీద చైనా వాళ్ల డ్రాగన్ పడవల పందేలు జరుగుతాయి. ఆకురాలు కాలంలో చైనా ముసలమ్మలు చేతికి తొడుగులు వేసుకుని గింకో కాయలు ఏరుకుంటారు. కుళ్లిన వెన్నలా కంపు కొట్టే ఆ కాయల్ని అంత శ్రద్ధగా ఎందుకు ఏరుతున్నారో మా అత్తయ్యకు మొదట అర్థం కాలేదు. ఒకామె పైగుజ్జు వలిచి, లోపలి తెల్లని గింజను చూపించింది. వేయించుకు తింటారట. మా ఊళ్లో చింతగింజలు తినమా, ఇదీ అంతే అని అత్తయ్య తేల్చేశారు.

మా అమ్మాయికి తొమ్మిదీ పదేళ్లప్పుడు, రైల్లో నేను ఫోన్లో తెలుగు మాట్లాడితే చెయ్యి లాగేది. "అమ్మా, మెల్లిగా" అనేది. నేను మెల్లిగానే మాట్లాడేదాన్ని, దానికి అదీ ఎక్కువే. ఎంత నచ్చచెప్పినా పోని ఆ సిగ్గు పార్కుకు అలవాటు పడ్డాక తగ్గింది. అక్కడ ఏ తల్లీ మెల్లిగా పిలవదు. మైదానం ఆ చివర ఉన్న కొడుకుని ఈ చివర నుంచి ఒకామె స్పానిష్‌లో కేకేస్తుంది, ఇంకొకామె బెంగాలీలో, మరొకామె కొరియన్‌లో. అందరి పిల్లలూ జవాబు మాత్రం ఇంగ్లీషులోనే ఇస్తారు. "ఇంకో ఐదు నిమిషాలు" అని. ఈ సంగతి నాకన్నా ముందు మా అమ్మాయే కనిపెట్టింది. ఇంట్లో ఒకటి, బయట ఒకటిగా బతుకుతున్నది తానొక్కతే కాదని ఏ వేసవి శిబిరమూ దానికి చెప్పలేకపోయింది.

ఈ నేల కథ పిల్లలకు చెప్పడం నాకు చాలా ఇష్టం. ఒకప్పుడు ఇదంతా చిత్తడి. తర్వాత బ్రూక్లిన్ పొయ్యిల్లో కాలిన బూడిదంతా తెచ్చి గుట్టలుగా పోశారు. 1939 ప్రపంచ ప్రదర్శన కోసం పార్కుల కమిషనర్ రాబర్ట్ మోజెస్ ఆ గుట్టల్ని చదును చేయించారు. ఆ ప్రదర్శనకు కట్టిన న్యూయార్క్ సిటీ భవనంలోనే, 1946 నుంచి 1950 దాకా, ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ సమావేశమయ్యేది. దక్షిణాఫ్రికాలో భారతీయుల పట్ల చూపుతున్న వివక్ష మీద విజయలక్ష్మీ పండిట్ నాయకత్వంలోని మన ప్రతినిధి బృందం 1946 డిసెంబరులో తీర్మానం నెగ్గించుకుంది ఇక్కడే. నేటాల్ చెరకు తోటలకు కూలీలుగా వెళ్లిన తెలుగువాళ్ల పిల్లలూ ఆ భారతీయుల్లో ఉన్నారు. ఆ భవనమే ఇప్పుడు క్వీన్స్ మ్యూజియం. మా అబ్బాయి మాత్రం ఎప్పుడు వెళ్లినా లోపలున్న నగరం నమూనా దగ్గరికే పరుగెత్తుతాడు. వేలికొనంత ఇళ్లలో మా వీధి ఎక్కడుందో వెతుక్కోవడం వాడికి సరదా.

మ్యూజియం బయట 140 అడుగుల ఉక్కు భూగోళం ఉంటుంది. 1964లో మొదలైన రెండో ప్రదర్శన కోసం నిలబెట్టినది. ఆ ప్రదర్శన 1965 అక్టోబరులో ముగిసింది. అదే నెల మూడో తేదీన, స్వేచ్ఛా ప్రతిమ పాదాల దగ్గర, అధ్యక్షుడు లిండన్ జాన్సన్ కొత్త వలస చట్టం మీద సంతకం చేశారు. అంతకుముందు భారతదేశానికి ఏడాదికి వంద మంది కోటా. వంద! ఆ సంతకం పడకపోతే మేమే కాదు, ఇక్కడి చైనా, కొరియా, బంగ్లాదేశ్ కుటుంబాల్లో చాలామంది ఈ గడ్డి మీద దుప్పటి పరుచుకునేవాళ్లు కారు.

క్వీన్స్‌లో క్రికెట్ అంటే దక్షిణ అమెరికాలోని గయానా నుంచి వచ్చినవాళ్ల పేరు చెప్పుకోవాలి. మా అబ్బాయి ఆడేచోట నెరిసిన జుట్టుతో ఒక పెద్దాయన అంపైర్‌గా నిలబడతారు. చూస్తే అచ్చం మా పెదనాన్నగారిలా ఉంటారు. వాడు ధైర్యం చేసి ఒకసారి తెలుగులో పలకరించాడు. ఆయన నవ్వి, తన ముత్తాత మద్రాసు రేవులో ఓడెక్కాడని, ఇంట్లో ఇప్పటికీ మారియమ్మకు పూజ చేస్తామని ఇంగ్లీషులో చెప్పారు. ఆ రాత్రి అన్నం తింటూ వాడు వేసిన ప్రశ్నలకు అంతు లేదు. ఆయనది దక్షిణ అమెరికా ఎలా అవుతుంది? ఏ భాషలో దండం పెట్టుకుంటారు? మన దగ్గర నుంచి వెళ్లి తెలుగెలా మరిచిపోయారు? 1838లో కలకత్తా నుంచి మొదలైన కూలీల ఓడల సంగతి, తర్వాత మద్రాసు నుంచి వెళ్లిన ఓడల సంగతి, చెరకు తోటల ఒప్పందాల సంగతి వాడికి తెలిసేలా చెప్పడానికి చాలాసేపు పట్టింది.

నన్ను పట్టి ఆపింది వేరే విషయం. వాళ్లకు భాష పోయింది, హోలీ పోలేదు. ఫగ్వా అని పిలుచుకుంటారు. గయానాలో అది దేశమంతటికీ సెలవు. ఇక్కడ రిచ్‌మండ్ హిల్‌లో ప్రతి వసంతంలో వీధుల వెంట రంగులు చల్లుకుంటూ ఊరేగింపు తీస్తారు. చూడటానికి ఎవరైనా రావచ్చు, రంగు ఎవరిమీదైనా పడుతుంది. ఇంట్లో మాట్లాడుకున్న భాష కొన్ని తరాల్లో జారిపోయింది, వీధిలో ఆడిన పండుగ మిగిలింది. దీనికి వేరే కారణాలూ ఉండవచ్చు. కానీ తల్లిగా నాకు ఇది పెద్ద పాఠమే. మన ఫ్లషింగ్ గణపతి గుడి వాళ్లు చవితికి రథాన్ని వీధుల్లోకి తీసుకొస్తారు. మా పిల్లలు ఏడాదంతా చెప్పుకునేది ఆ రోజు గురించే, హాల్లో జరిగినవాటి గురించి కాదు.

అందుకే కిందటేడు నేనూ ఇంకొందరు స్నేహితురాళ్లూ కలిసి ఎంగిలి పూల బతుకమ్మను పార్కులో పేర్చాం. తంగేడు ఇక్కడ దొరకదు. గునుగు రైతుల సంతలో సెలోసియా పేరుతో దొరుకుతుంది. బంతి, చామంతి మెయిన్ స్ట్రీట్ పూల దుకాణాల్లో కొన్నాం. చెరువు గట్టున పచ్చగా విరబూసిన గోల్డెన్‌రాడ్ చూసి, అచ్చం తంగేడులాగే ఉంది, నాలుగు కొమ్మలు తెంపుకుందాం అన్నారు అత్తయ్య. "వద్దత్తయ్యా, ఇక్కడ పూలు కోస్తే జరిమానా వేస్తారు" అని ఆపాల్సి వచ్చింది. తాంబాళంలో ఆకులు పరిచి, ఆకుల మీద గునుగు, దానిపైన బంతి, మళ్లీ గునుగు, నడిమధ్య కూలిపోకుండా ఆకుల కూరుడు. అత్తయ్య వేళ్లు ఎంత వేగంగా కదిలాయో! కొసన పసుపు గౌరమ్మను పెట్టారు. మేం చప్పట్లు మొదలుపెట్టి ఉయ్యాలో అనేసరికి దారిన పోయేవాళ్లు ఆగారు.

అలా ఆగినవాళ్లలో చంటిపిల్లాడి బండి తోసుకుంటూ వచ్చిన ఒక మెక్సికో ఆమె ఉంది. పాట కన్నా ఆమె చూపు బంతిపూల మీదే ఉంది. బడిలో స్పానిష్ నేర్చుకుంటున్న మా అమ్మాయిని ఏదో అడిగింది. ఇది చనిపోయినవాళ్ల కోసమా అని. ప్వెబ్లాలోని వాళ్ల ఊళ్లో నవంబరు మొదట్లో సమాధుల నిండా, ఇంట్లో పెద్దల పటాల ముందు ఈ పూలే పరుస్తారట. పండుగ రోజు ఆ ప్రశ్నేమిటని అమ్మాయి ఇబ్బందిపడుతూ నాకు చెప్పింది. అత్తయ్య మాత్రం వెంటనే అందుకున్నారు. "సరిగ్గానే అడిగింది కదే. ఇవాళ పెత్రమాస. పొద్దున పెద్దలకు బియ్యం ఇచ్చే కదా ఇటు వచ్చాం." ఆ మాట అమ్మాయి తనకొచ్చిన స్పానిష్‌లో అటు చేరవేసింది. ఆమె పిల్లాడి బండిని మా సంచుల పక్కన పెట్టి, వచ్చి వలయంలో చేరింది. మొదట చప్పట్లు తప్పినా మూడో చుట్టుకు పట్టేసింది. వెళ్లేటప్పుడు నువ్వుల ముద్దలు కాగితంలో చుట్టి ఇచ్చాం.

బంతి పుట్టిల్లు మెక్సికో అని పిల్లలకు ఇంటికెళ్లాక చెప్పాను. మన గుమ్మానికి మామిడాకుల పక్కన కట్టే బంతి సముద్రాలు దాటి మన దగ్గరకు వచ్చిన పువ్వు. "అయితే ఆమె వాళ్ల పువ్వునే చూసి ఆగిందన్నమాట" అన్నాడు మా అబ్బాయి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మన ఇళ్లలో ఆ మెక్సికో, ఈక్వడార్ కుటుంబాల గురించి చులకనగా మాట్లాడేవాళ్లు ఉన్నారు. మేం వీసా మీద వచ్చాం, వాళ్లలా కాదు అంటారు. పిల్లలు వింటారు, వాళ్ల స్నేహితులు ఆ ఇళ్ల పిల్లలే. కాగితాల కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూడటం అంటే ఏమిటో మనకన్నా బాగా ఎవరికి తెలుసు? వలసదారుల్ని పట్టుకుపోతున్నారన్న వార్త వచ్చిన వారం, పార్కు ముందు బండి మీద మొక్కజొన్న పిండితో చేసే తమాలెలు అమ్మే ఆడవాళ్లు కనిపించరు. మా అమ్మాయి ఆ ఖాళీని గమనించి అడుగుతుంది. నిజమే చెబుతాను.

ఈ చోటు దానంతటదే ఇలా ఉండిపోదు. 2012లో పార్కు లోపలే పాతిక వేల సీట్ల ఫుట్‌బాల్ స్టేడియం కట్టాలన్న ప్రతిపాదన వచ్చింది. చుట్టుపక్కల పేటల జనం ఎదిరించారు. ఆ ఆలోచన పార్కులో సాగలేదు, ఇప్పుడు పక్కనున్న విల్లెట్స్ పాయింట్‌లో స్టేడియం లేస్తోంది. సెంట్రల్ పార్కును చూసుకోవడానికి సంపన్నుల విరాళాలతో నడిచే పెద్ద సంస్థ ఉంది. మాకు అంత అండ లేదు. పాత చిత్తడి నేల కదా, గట్టి వాన పడితే మైదానాల్లో నీళ్లు నిలుస్తాయి, మరుగుదొడ్లు దూరం. మన సంఘాలు హాళ్ల అద్దెకు పోసే డబ్బులో కొంతైనా, పిల్లల సమయంలో ఒక పూటైనా ఈ పార్కు బాగుకు ఇవ్వాలని నా కోరిక.

పార్కులో పండుగంటే మనవాళ్లు చెప్పే అభ్యంతరాలు నాకు కంఠతా వచ్చు. వాన పడితే ఎలా, పట్టుచీరలు పాడవుతాయి, అందరూ చూస్తారు. చూడాలనే కదా నా తాపత్రయం! గుంపుగా బయట కనిపించడానికి జంకే కుటుంబాలూ ఉన్నాయి. ఆ భయం ఉత్తది కాదు, వాళ్లను బలవంతపెట్టను.

ఇరవై మంది దాటితే పార్కుల శాఖ అనుమతి కావాలి, దరఖాస్తు రుసుం 25 డాలర్లు. మైకు పెట్టాలంటే పోలీసు ఠాణా నుంచి వేరే అనుమతి. బతుకమ్మను చెరువులో వేయనివ్వరు కాబట్టి ఇంటి నుంచి పెద్ద ప్లాస్టిక్ తొట్టి మోసుకెళ్తాం. ఈసారి చివరి రోజు సద్దుల బతుకమ్మకు దరఖాస్తు మా అమ్మాయే నింపింది, స్పానిష్‌లో ఒక చిన్న ఆహ్వానం కూడా రాస్తోంది. మైకు ఉండాలా వద్దా అని ఆడవాళ్ల మధ్య వాదన ఇంకా తెగలేదు. నేను వద్దనే పక్షం. క్వీన్స్‌లో, చుట్టుపక్కల ఉన్నవాళ్లు తప్పకుండా రండి. పూలు మీరు తెచ్చుకోండి, తొట్టి మేం తెస్తాం.