ఎనుమాముల యార్డులో నా జేబు చాకు

వరంగల్ ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో నేను పదకొండేళ్లుగా గుమస్తాగా పని చేస్తున్నాను. మిర్చి సీజన్‌లో, అంటే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, ఖరీదుదారులకు కాయ చూపించడానికి రోజూ పదుల బస్తాల మూతి విప్పవలసి ఉంటుంది. గోనెకు గాటు పడకుండా కుట్టిన సుతిలిని మాత్రమే కోయాలి. గాటు పడితే ఆ బస్తా కాంటా దగ్గరికి చేరేలోపు కాయ నేలపాలవుతుంది, రైతు చేత మాట పడక తప్పదు. మొదటి ఏడేళ్లు ఈ పనికి నేను వాడింది కాగితంలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్న సగం గడ్డం బ్లేడు. ఒకరోజు పెన్ను తీయబోయి అదే బ్లేడుతో వేలు కోసుకున్న తర్వాత, ఎన్నాళ్లీ అవస్థ అనుకుని, ఒక మంచి మడత చాకు కొనుక్కోవాలని నిశ్చయించుకున్నాను.

మొదటిది రోడ్డు పక్క దుకాణంలో 150 రూపాయలకు కొన్నాను. అద్దంలా మెరుస్తూ ఉండటంతో మంచి ఉక్కు అనుకున్నాను. మెరుపు పాలిష్ వల్ల వస్తుందనీ, ఉక్కు మంచిచెడులతో దానికి సంబంధం లేదనీ అప్పటికి నాకు తెలియదు. ఇలాంటి చాకులలో తెరిచిన అలుగును, అంటే కోసే రేకును, నిలబెట్టేది వెన్ను వైపు ఉండే స్ప్రింగు ఒక్కటే, వేరే లాకు ఉండదు. కోసేటప్పుడు బలం అంచు మీద పడుతుంది కనుక అలుగు తెరుచుకునే వైపుకే ఒత్తుకుంటుంది, ప్రమాదం లేదు. నేను మాత్రం బిగుసుకున్న సుతిలి ముడిలోకి మొనను గుచ్చి పైకి లేపబోయాను. బలం వెన్ను మీద పడటంతో అలుగు మడతపడి నా చూపుడువేలి మీద మూసుకుంది. నాలుగు కుట్లు, ఒక టెటనస్ సూది, మూడు రోజుల కూలి నష్టం. స్ప్రింగు బలహీనంగా ఉన్న మాట నిజమే కానీ, సగం తప్పు నాదే.

అప్పటి నుంచి ఏ చాకు చేతికి తీసుకున్నా ముందు మెరుపు చూడటం మానేశాను. పూర్తిగా తెరిచి, పిడిని ఒక చేత్తో, అలుగును మరో చేత్తో పట్టుకుని పక్కలకు ఊపి చూస్తాను. కీలు దగ్గర ఆట ఉంటే ఆ చాకు వద్దు. స్ప్రింగు ఉన్న రకమైతే, సగం దాటి మూసి వదిలితే అలుగు తనంతట తాను టక్కున లోపలికి పోవాలి. లాకు ఉన్న రకమైతే, వేళ్లన్నీ దారిలో లేకుండా చూసుకుని, అలుగు వెన్నును బల్ల అంచుకు ఆనించి నెమ్మదిగా ఒత్తుతాను. ఈ మూడింటికీ కలిపి అర నిమిషం చాలు, దుకాణదారు కొంచెం చిరాకు పడితే పడనివ్వాలి.

రెండో చాకును ఆన్‌లైన్‌లో తొమ్మిది వందలకు తెప్పించాను. అలుగు మీద 8సీఆర్13ఎంఓవీ అని చెక్కి ఉంది. చైనా తయారీ చవక చాకులలో తరచుగా కనిపించే ఈ ఉక్కు గుణం దాని పేరులోనే ఉంది: సుమారు 0.8 శాతం కార్బన్, 13 శాతం క్రోమియం. అందువల్ల తొందరగా తుప్పు పట్టదు, సాన మీద సులువుగా పదునెక్కుతుంది. లోపలి రేకు పక్కకు జరిగి అలుగు అడుగున ఆనుకునే లాకు గట్టిదే. ఇబ్బంది అంతా దాని వేషంతో వచ్చింది. నల్లని పూత, బొటనవేలితో తోస్తే ఒక్కసారిగా తెరుచుకునే అలుగు. హన్మకొండ నుంచి వస్తూ సిటీ బస్సులో జామకాయ కోసుకుందామని దాన్ని తెరిస్తే, పక్క సీటు పెద్దాయన కాయ వైపు చూడనే లేదు, లేచి వెళ్లి డ్రైవరు వెనుక నిలబడ్డాడు.

ఆ సందర్భంలోనే చట్టం ఏమంటున్నదో చదివాను. 1959 నాటి ఆయుధాల చట్టం కింద రూపొందిన నియమాలలో 9 అంగుళాల కంటే పొడవైన, లేదా 2 అంగుళాల కంటే వెడల్పైన అలుగు ఉన్న కత్తులను ఆయుధాలుగా లెక్కగట్టారు, ఇంటి పనికీ వ్యవసాయానికీ పరిశ్రమలకూ తయారైన వాటిని మినహాయించారు. నా చాకు అలుగు మూడున్నర అంగుళాలైనా లేదు. అయినప్పటికీ జాతరలకు, ఎన్నికల సభలకు వెళ్లే రోజున చాకును దుకాణంలోనే వదిలి వెళ్తాను. చట్టం పొడవు చూస్తుంది, జనం వేషం చూస్తారు.

ఈ చాకు మొద్దుబారినప్పుడు నేను చేసిన తెలివితక్కువ పని, సైకిల్ సాన అతనికి ఇవ్వడం. అతను తొక్కుతూ చక్రానికి ఆనిస్తే నిప్పురవ్వలు ఎగిశాయి, నిమిషంలో వెంట్రుక తెగేంత పదును వచ్చింది, ఇరవై రూపాయలు సంతోషంగా ఇచ్చాను. ఇంటికి వచ్చి చూస్తే మొన దగ్గర చిటికెన వేలి గోరంత మేర నెమలి కంఠం రంగు తిరిగి ఉంది. అక్కడ పదును రెండు రోజులు కూడా నిలవలేదు.

ఆ వారమే నిజామాబాద్ జిల్లాలోని మా అత్తగారి ఊరికి వెళ్లినప్పుడు, అక్కడి కొలిమి దగ్గర కూర్చునే కమ్మరి తాతకు చూపించాను. ఆయన దాన్ని వెలుతురుకు తిప్పి చూసి, “ఉడుకు బట్టి సచ్చింది బిడ్డా, గా నీలమైన కాడికి అరగదియ్యి, కింది ఉక్కు మంచిగనే ఉన్నది” అన్నాడు. విషయం ఏమిటంటే, గట్టిపరిచిన చాకు ఉక్కును సాధారణంగా సుమారు 200 డిగ్రీల దగ్గర మళ్లీ కాచి పెళుసుతనం తగ్గిస్తారు. ఆ తర్వాత సాన చక్రం మీద అది అంతకంటే బాగా ఎక్కువ వేడెక్కితే నీలం రంగు తిరుగుతుంది, ఆ మేరకు మెత్తబడుతుంది. తాత డిగ్రీలేవీ చెప్పలేదు, రంగు చూసి చెప్పాడు. ఆ జిల్లాలోనే ఉన్న కోనసముద్రంలో మూసల్లో ఉక్కు తీసే తీరును హెన్రీ వాయిసీ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త స్వయంగా చూసి రాసిన వ్యాసం 1832లో అచ్చయింది, పర్షియా వర్తకుడు ఆ ఉక్కు కోసం అక్కడికే వచ్చి కూర్చున్న సంగతీ అందులో ఉంది. ఉక్కుకు పుట్టిల్లు లాంటి చోటికి చెడిన చైనా చాకును పట్టుకు వెళ్లినందుకు నాకు కొంచెం సిగ్గుగానే అనిపించింది.

తాత చెప్పినట్టు అరగదీయడానికి కార్బోరండం సాన రాయి కొన్నాను. ఒక వైపు గరుకు, మరో వైపు నునుపు. చాకు కంటే ఈ రాయి వల్లనే నాకు ఎక్కువ మేలు జరిగింది. మొదట్లో కోణం కుదరలేదు, ఒక్కో రాపుకు ఒక్కో వాలు వచ్చేది. అలుగు వెడల్పులో మూడో వంతు ఎత్తుకు వెన్నును లేపితే దాదాపు 20 డిగ్రీలు వస్తుందని లెక్క వేసుకున్న తర్వాత, రూపాయి బిళ్ళలు ఒకదానిపై ఒకటి పేర్చి ఆ ఎత్తును చేతికి అలవాటు చేశాను. అంచు పొడవునా మార్కర్ పెన్నుతో నల్లగా గీసి నాలుగు రాపులు రాసి చూస్తే, రంగు ఎక్కడ పోయిందో అక్కడే రాయి తగిలిందని తెలిసిపోతుంది. వెన్ను దగ్గర పోతే ఇంకా లేపాలి, అంచు కొస మాత్రమే తేలితే దించాలి.

ఒక వైపు తగినంత రాస్తే రెండో వైపున వెంట్రుక కంటే సన్నని ఉక్కు అంచు ముడుచుకుని లేస్తుంది. వెన్ను నుంచి అంచు వైపుకు బొటనవేలిని మెల్లగా జారిస్తే అది గరుకుగా తగులుతుంది. మొదలు నుంచి మొన దాకా అది తగిలే వరకు చాకును తిప్పకూడదు. నేను ఆరు నెలలు తిప్పేశాను, అందుకే పదును రాలేదు. తర్వాత రెండో వైపు అంతే, ఆపైన నునుపు రాయి మీద చేతి బరువు తగ్గిస్తూ, చివరికి పాత తోలు బెల్టు మీద అంచు వెనకబడేలా లాగుతూ పది పదిహేను సార్లు. మాగిన టమాటా మీద చాకును ఒత్తకుండా లాగితే తోలు తెగాలి. న్యూస్‌పేపర్ కోసి చూడటం కంటే నాకు ఈ పరీక్ష మీదే నమ్మకం.

మూడో చాకుకు ఓపినెల్ ఎనిమిదో నంబరు ఎంచుకున్నాను, రెండు వేలకు కొంచెం లోపల పడింది. 1890లో ఫ్రాన్స్‌లోని సవాయ్ ప్రాంతంలో జోసెఫ్ ఓపినెల్ చేసిన రైతు చాకు ఇది, 1955లో దీనికి మెడ దగ్గర తిరిగే ఉక్కు కడియం చేరింది. అలుగు తెరిచి ఆ కడియాన్ని తిప్పితే మడత పడదు. నా వేలికి పడిన కుట్లకు సరైన జవాబు అదే. స్విట్జర్లాండ్ కంపెనీ విక్టోరినాక్స్ చాకు కూడా చేతిలో పట్టుకుని చూశాను, కత్తెర, డబ్బా మూత తీసేది ఉండటం ముచ్చటగానే ఉంది. కానీ నేను చూసిన చిన్న రకానికి స్ప్రింగే తప్ప లాకు లేదు, నా ముడులకు అది కుదరదు. ఓపినెల్‌లోనే కార్బన్ ఉక్కు రకం పదునుకు మంచిదంటారు. చెమట చేతులతో మామిడికాయ కోసే నాకు స్టెయిన్‌లెస్సే నయమనిపించింది. చెక్క పిడి, లేత రంగు, చూస్తే పండ్లు కోసుకునే చాకులాగే కనిపిస్తుంది కనుక బస్సులో ఎవరూ లేచిపోలేదు.

ఒక సాయంత్రం తేజ రకం మిర్చి బస్తాలు విప్పిన చాకును నీళ్లతో కడిగి, దానితోనే మా ఆరేళ్ల వాడికి మామిడిపండు కోసి పెట్టాను. రెండో ముక్కకే పెదవులు ఎర్రబడి ఏడుపు అందుకున్నాడు. మిరపలోని కారం నూనెలో కరుగుతుంది, నీళ్లకు పోదు. “సబ్బుతోని కడగాలన్న సోయి లేదా నీకు?” అంటూ నా భార్య వాడికి గిన్నెడు పెరుగు తినిపించింది. కంగారులో నేను చాకును బకెట్‌లో సబ్బు నీళ్లల్లో వేసి మరిచిపోయాను. తెల్లారేసరికి చెక్క ఉబ్బి అలుగు బయటికి రాలేదు. నీడలో రెండు రోజులు ఆరనిచ్చి, పిడి వెనుక కొసను చెక్క పలక మీద కొడితే కదిలింది. ఇప్పుడు పాత పళ్ల బ్రష్షుకు సబ్బు రాసి గాడిలో తోమి, తడి గుడ్డతో తుడిచి, వెంటనే ఆరబెడతాను. నెలకోసారి కీలులో ఒక చుక్క లిక్విడ్ పారాఫిన్ వేస్తాను, మందుల షాపులో దొరుకుతుంది, నోట్లోకి పోయే పండు తగిలినా భయం లేదు. వంట నూనె వేస్తే కొన్నాళ్లకు బంకలా సాగి, అందులో మిర్చి దుమ్ము అంటుకుంటుంది, కాబట్టి అది వద్దు. పిడికి అవిసె నూనె ఏడాదికి రెండుసార్లు పట్టిస్తాను.

నల్ల చాకు మొనను తాత చెప్పినట్టు నీలం పోయేదాకా అరగదీశాను, అర సెంటీమీటరు పొట్టిదయింది. పాల ప్యాకెట్లు కోయడానికి ఒకరోజు వంటింట్లో పెట్టాను, ఇక తిరిగి నా చేతికి రాలేదు. మొద్దుబారినప్పుడు మాత్రం సాన రాయి పక్కన పెట్టి ఉంటుంది.