గోథమ్ గట్టుకు గండి పడిన రాత్రి

2022లో వచ్చిన బ్యాట్‌మన్ చిత్రాన్ని, ఆ ఏడాది గోదావరి వరద తీసిన కొన్ని వారాలకు, కోనసీమలోని మా ఇంట్లో నాన్నగారితో కలిసి టీవీలో చూశాను. ఆ జూలైలో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక జారీ అయింది, 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు కిందికి వచ్చింది, మా వైపు లంకల వారికి పడవ తప్ప మరో దారి లేకపోయింది. ఆ సినిమా చివరి ఘట్టంలో రిడ్లర్ అనే ప్రతినాయకుడు గోథమ్ నగరాన్ని సముద్రం నుంచి కాపాడే గట్టును పేల్చి ఊరంతా నీట ముంచుతాడు. అప్పటిదాకా పడక కుర్చీలో వెనక్కి వాలి అరమోడ్పు కన్నులతో చూస్తున్న నాన్నగారు గట్టు తెగగానే లేచి ముందుకు జరిగి కూర్చున్నారు.

ఆ తర్వాతి దృశ్యం చూసినవారికి గుర్తుండే ఉంటుంది. చీకట్లో, నీళ్లలో చిక్కుకున్న జనం ముందు బ్యాట్‌మన్ ఎర్రగా మండే ఫ్లేరు వెలిగించి చెయ్యి చాస్తాడు. హత్యకు గురైన మేయరు కొడుకు, చిన్న పిల్లవాడు, అందరికంటే ముందు ఆ చెయ్యి అందుకుంటాడు. తర్వాత ఆ వెలుగు వెంట అందరూ వరుసగా నడుస్తారు. నాన్నగారు కాసేపు చూసి, "వెలుగు పట్టుకుని ముందు నడవడం బాగుందిరా. కానీ చేతిలో గెడ ఏదీ? గెడతో పొడిచి చూసుకోకుండా ఆ నీళ్లలో అడుగెయ్యకూడదు" అన్నారు. 1986 ఆగస్టులో, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు ప్రవహించిన ఆ పెద్ద వరదలో, ఆయన తన తోటివారితో కలిసి లంకలోంచి ఏటిగట్టు మీదికి వచ్చింది అలాగే. ఒక పెద్దాయన ఒక చేత్తో పెట్రోమాక్స్ లైటును తలకంటే ఎత్తున పట్టుకుని, రెండో చేత్తో వెదురు గెడను నీళ్లలో గుచ్చి, నేల తగిలిందని తెలిశాకే అడుగు వేస్తుంటే, వెనకవారు ఆయన అడుగులోనే అడుగు వేశారట.

గబ్బిలం చెవులు పెట్టుకుని రాత్రుళ్లు తిరిగే మనిషి గురించి నాన్నగారు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆయనకు అభ్యంతరమల్లా గెడ దగ్గరే వచ్చింది. సూపర్‌హీరో చిత్రాల పరంపరను మళ్లీ మొదటినుంచి చెప్పాలనుకునే దర్శకులు వాస్తవికతకూ కల్పనకూ ఎక్కడ హద్దు గీయాలి అన్న ప్రశ్న నన్ను చాలా ఏళ్లుగా పట్టుకుని ఉంది. ఆ రాత్రి ఆయన మాటలో నాకు ఒక దారి కనిపించింది.

1997లో వచ్చిన బ్యాట్‌మన్ చిత్రం రంగురంగుల వెటకారంగా మారి పరంపరనే ఆపేశాక, 2005లో క్రిస్టోఫర్ నోలన్ మళ్లీ మొదలుపెట్టినప్పుడు, ప్రతి వస్తువుకూ ఒక కారణం చూపించారు. బ్యాట్‌మన్ వీపున వేలాడే కేప్ గుడ్డ మామూలుగా మెత్తగా ఉండి, కరెంటు ప్రవహించగానే బిగుసుకుని రెక్కలా నిలుస్తుంది. కామిక్స్‌లో శతాబ్దాల తరబడి బతికే ప్రతినాయకుడు రాస్ అల్ ఘుల్ ఇక్కడ మామూలు మనిషి. అతని చావులేనితనం ఒక ఎత్తుగడ మాత్రమే. ఆ విజయం చూసి, రంగు తగ్గించి యంత్రాలకు వివరణ ఇస్తే వాస్తవికత వచ్చేస్తుందని ఎందరో అనుకున్నారు. నా ఉద్దేశంలో ఆ చిత్రాన్ని నేల మీద నిలబెట్టినది చివర్లో మేడ మీద గోర్డన్ అనే పోలీసు అధికారి వెలిబుచ్చే భయం. మనం ఒక మెట్టు ఎక్కితే నేరస్థులు మరో మెట్టు ఎక్కుతారు కదా అని చెప్పి, అతడు జోకర్ పేకముక్క ఒకటి బ్యాట్‌మన్ చేతికిస్తాడు. ముసుగు మనిషి వచ్చినందువల్ల ఊరికి ఏమవుతుందన్నదే అక్కడ ప్రశ్న, జోకర్ ప్రతినాయకుడిగా వచ్చిన 2008 చిత్రం మొత్తం ఆ ప్రశ్నలోంచే పుట్టింది.

అయితే వివరణ ఇవ్వడం మొదలుపెట్టాక అది అప్పులాగా పెరుగుతుంది. 2012లో వచ్చిన మూడో చిత్రంలో, వెన్ను దెబ్బతిన్న బ్రూస్ వేన్‌ను, అంటే ముసుగు వెనక ఉన్న బ్యాట్‌మన్‌ను, తాడు కట్టి నిలబెట్టి కొద్ది నెలల్లో నడిపిస్తారు. ఆ తర్వాత ఒక్కటి తప్ప వంతెనలన్నీ తెగి కాపలాలో ఉన్న నగరంలోకి అతడు ఎలా వచ్చాడో చూపించరు. గుడ్డముక్కకు సైతం లెక్క చెప్పిన కథ ఇక్కడ మౌనం వహిస్తే చూసేవాడికి లోటు తెలుస్తుంది. ఇదే పని ఎగిరే మనిషి కథలో జరిగి ఉంటే ఎవరూ పట్టించుకునేవారు కాదు.

2013 నాటి సూపర్‌మ్యాన్ చిత్రం ఇందుకు మరో ఉదాహరణ. అందులో రంగులు మసకగా, మాటలు గంభీరంగా ఉంటాయి, అయినా సూపర్‌మ్యాన్ నగరమైన మెట్రోపొలిస్‌లో మేడలు వరసగా కూలుతున్నప్పుడు వాటి కింద ఉన్నవారి వైపు కెమెరా తిరిగేది చాలా తక్కువ. ఆ విధ్వంసాన్ని నేల మీద నిలబడిన మనిషి కళ్లతో చూపించడానికి 2016లో వచ్చిన తర్వాతి చిత్రం దాకా ఆగవలసి వచ్చింది. వరద ఊళ్లో పెరిగిన నాలాంటివాడికి ఆ మూడేళ్ల ఆలస్యం చాలా పెద్ద లోపంగా కనిపిస్తుంది, ఎందుకంటే ఇల్లు కూలడం మాకు ఎప్పుడూ ప్రత్యేక దృశ్యం కాదు, ఎవరిదో ఒకరి ఇల్లు.

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమంటారు. ఈ తరహా కథకుడి పని దానికి తలకిందులు, ఒక్క అబద్ధాన్ని నిలబెట్టడానికి అతడు వెయ్యి నిజాలు పోగుచేసుకోవాలి. స్పైడర్‌మ్యాన్ సాలెదారం సంగతే చూడండి. కామిక్స్‌లో ఆ వేషం వెనక ఉన్న కుర్రవాడు పీటర్ ఆ దారం వదిలే పరికరాన్ని తానే తయారుచేసుకుంటాడు. 2002 చిత్రంలో అది అతని మణికట్టులోంచే వస్తుంది, 2012లో మళ్లీ పరికరానికి తిరిగి వెళ్లారు. పరికరమే నమ్మదగినదని పైకి అనిపిస్తుంది గానీ, సాలీడు కుట్టడమనే ఒక అద్భుతాన్ని ఒప్పుకున్న ప్రేక్షకుణ్ణి, ఒక బడిపిల్లవాడు దారం వదిలే అలాంటి పరికరాన్ని పడకగదిలో సొంతంగా చేశాడన్న రెండో అద్భుతాన్ని కూడా ఒప్పుకోమని అడగడం అది. అందుకే నేను 2002 వైపే ఉంటాను. మన మాయాబజార్‌లో ఘటోత్కచుడి మాయకు ఎవరూ వివరణ కోరరు, ఎందుకంటే ఆ మాయ చుట్టూ ఉన్న పెళ్లివారి పట్టుదలలు, మర్యాదలు, వియ్యంకుల లెక్కలు అన్నీ మన ఇళ్లలోవే.

2025లో జేమ్స్ గన్ తీసిన సూపర్‌మ్యాన్ ఈ విషయంలో నాకు బాగా నచ్చింది. కేప్ కట్టుకున్న కుక్క, రోబోలు, మేడంత మృగం అన్నీ సంకోచం లేకుండా ఉంటాయి. పుట్టుక కథను మళ్లీ చెప్పే పనే పెట్టుకోలేదు. కానీ ఆ మృగంతో పోరాటం జరుగుతుండగా సూపర్‌మ్యాన్ ఒక ఉడుతను అపాయంలోంచి తప్పిస్తాడు. వారధి కథ వింటూ పెరిగిన మనకు ఆ ఉడుతను చూడగానే మనసు కదులుతుంది. అంత బలం ఉన్నవాడు అంత చిన్న ప్రాణాన్ని లెక్కలోకి తీసుకున్నాడంటే, ఆ ఊళ్లో మిగతా ప్రాణాలకూ లెక్క ఉన్నట్టే.

గోథమ్ వరద చూసిన రాత్రి నాన్నగారు పడుకోబోయే ముందు ఇంకొక మాట అడిగారు: "నీళ్లు తీశాక ఆ ఊళ్లో బురద ఎవరెత్తారు?" నా దగ్గర జవాబు లేదు. మా దగ్గర వరద వచ్చిన రోజులకంటే ఇంట్లోంచి ఒండ్రు తోడి, తడిసిన ధాన్యం ఆరబోసుకునే రోజులే కష్టమని ఆయన చాలాసార్లు చెప్పారు.

రెండేళ్ల తర్వాత, 2024లో, అదే గోథమ్‌లో వరద వచ్చిన వారానికి మొదలయ్యే, పెంగ్విన్ అనే ప్రతినాయకుడి మీద తీసిన సిరీస్ వచ్చింది. అందులో విక్టర్ అనే కుర్రవాడి పేట అంతా కొట్టుకుపోతుంది. మూడో భాగం మొదట్లో అతడు మేడ మీద నిలబడి, తనవాళ్లు ఉన్న వీధిలోకి నీరు రావడం చూస్తాడు. ఆ భాగాన్ని నాన్నగారికి చూపించాను. బ్యాట్‌మన్ అందులో ఎక్కడా కనిపించడు, ఆయన కూడా అతని గురించి అడగలేదు. అయిపోయాక, "ఆ మొదటి ముక్క మళ్లీ వెయ్యరా" అన్నారు.