ప్రేమకథలో పనులన్నీ అతనివేనా?

వారపత్రికల్లోంచి చింపి అమ్మ బైండు చేయించుకున్న 1970ల నాటి సీరియళ్లు ఈ మధ్య వరసపెట్టి చదివాను. చదువుతూ క్రియల కింద పెన్సిల్‌తో గీతలు గీశాను. అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు, దగ్గరకు లాక్కున్నాడు, గుండెలకు హత్తుకున్నాడు. ఆమె కరిగిపోయింది, ఒదిగిపోయింది, తడబడిపోయింది. అతని పనుల చివర ‘కొను’, తన కోసం తాను చేసుకోవడం. ఆమెకేమో ‘పోవు’, తన ప్రమేయం లేకుండా జరిగిపోవడం. అంత చిన్న సహాయక క్రియలోనే ఎవరి ఇష్టం నెగ్గిందో తెలుస్తోంది. పైగా మన వ్యాకరణంలో ఏకవచనంలో ఆమెకూ కుర్చీకీ క్రియ ఒకటే. కుర్చీ పడిపోయింది, ఆమె పడిపోయింది.

బాధేమిటంటే, అదే అమ్మాయి కాలేజీలో వాదిస్తుంది, ఉద్యోగం చేస్తుంది, ఇల్లు నడుపుతుంది. అతను గదిలోకి వచ్చాడో లేదో, ఆమె చేసే పనులన్నీ ఆగిపోతాయి. ఇప్పుడు ఫోన్లో చదివే సీరియళ్లలోనూ చాలావరకు ఇదే వరస. దానికి మాత్రం నాకు నిజంగా కోపం వస్తుంది. మగవాళ్లు తడబడరా? సిగ్గుపడరా?

నేను రాస్తున్న కథలో ముందు ఆమే అడుగుతుంది. అతను జవాబు చెప్పడానికి రెండు పేజీలు తీసుకుంటాడు.